సేస్ నోటెబోమ్ పుస్తకాల్లో ఏది ముందు చదవాలి?

డచ్ రచయిత సేస్ నోటెబోమ్ పేరు ఎక్కడో విని, ఒక పుస్తకం తెప్పించుకుందామని వెతికితే ఒకే పేరు కింద నలుగురు మనుషులు కనిపిస్తారు. ఒకాయన నవలలు రాశాడు. ఒకాయన స్పెయిన్‌లో పాత చర్చిల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగాడు. ఇంకొకాయన బెర్లిన్ గోడ కూలిన రోజుల్లో అక్కడే ఉండి చూసినదంతా రాసిపెట్టాడు. నాలుగో ఆయన కవి. నలుగురూ ఒక్కడే. 1933లో హేగ్‌లో పుట్టి, 1950ల నుంచి రాస్తూ, తిరుగుతూ వచ్చిన మనిషి కాబట్టి పుస్తకాలు కూడా అల్మరా నిండా ఉన్నాయి. తనకు నప్పని పుస్తకం ముందు చేతికొచ్చి, పాతిక పేజీలు చదివి, "ఈయన మనకు పడడులే" అని వదిలేసినవాళ్ళు నాకు తెలుసు. చాలా మంచి పాఠకులు వాళ్ళు. అది పెద్ద నష్టం అనిపించే ఈ పోలిక రాస్తున్నాను.

నా మొగ్గు ఎటో ముందే చెప్తాను. నవలలు ఇష్టపడేవాళ్ళు 'ది ఫాలోయింగ్ స్టోరీ'తో, యాత్రారచనలు ఇష్టపడేవాళ్ళు 'రోడ్స్ టు శాంటియాగో'తో మొదలుపెట్టాలి. చాలామంది ముందుగా సిఫారసు చేసే 'రిచువల్స్' గొప్ప నవలే గానీ, దాన్ని రెండోసారికి ఉంచుకోవడం మేలు. ఎందుకో, ఎవరికి ఈ సలహా వర్తించదో కింద చెప్తాను.

ఏం చూసి ఎంచుకోవాలి

మొదట చూసుకోవాల్సింది పేజీల సంఖ్య కాదు, పక్కదారుల మీద మన ఓపిక. నోటెబోమ్ నేరుగా నడిచే రచయిత కాదు. ఒక ఊరికి బయల్దేరి, దారిలో కనిపించిన శిథిలం దగ్గర ఆగి, అక్కణ్ణుంచి పన్నెండో శతాబ్దంలోకి వెళ్ళిపోయి, ఒక రాజు సమాధి చూపించి, తిరిగి కారు దగ్గరికి తీసుకొస్తాడు. కొందరికి ఇందులోనే సుఖం ఉంటుంది, కొందరికి చిరాకు. మీరు ఏ రకమో మీకు తెలిసే ఉంటుంది.

రెండోది, ముందే ఎంత తెలిసి ఉండాలన్నది. ఆయన ఫ్రాన్సిస్కన్, అగస్టీనియన్ సన్యాసుల బడుల్లో లాటిన్, గ్రీకు చదువుకున్నాడు. ఆ చదువు ప్రతి పుస్తకంలోనూ తొంగిచూస్తుంది. సోక్రటీస్ ఎలా చనిపోయాడో తెలిస్తే ఒక పుస్తకం రెట్టింపు లోతుగా అందుతుంది. క్యాథలిక్ పూజావిధానం గురించి కొంచెం తెలిస్తే ఇంకొకటి తెరుచుకుంటుంది. అయితే ఇవి తెలియకపోతే చదవలేమన్న టెన్షన్ అక్కర్లేదు. కొన్ని పుస్తకాలు తమకు కావాల్సింది తామే చెప్పుకుంటాయి, కొన్ని చెప్పవు.

మూడోది మనసు పరిస్థితి. 1945 మార్చిలో బ్రిటిష్ విమానాలు గురితప్పి హేగ్‌లోని నివాసప్రాంతం మీద వేసిన బాంబుల వల్ల ఆయన తండ్రి చనిపోయాడు. అప్పటికి ఈయనకు పదకొండేళ్ళు. మరణం, జ్ఞాపకం, కాలం ఈయన రచనలన్నిటా ఉంటాయి. కొన్నింట్లో తేలిగ్గా, నవ్వుతూ వస్తాయి. కొన్నింట్లో గుండె మీద రాయిలా కూర్చుంటాయి. ఇంట్లో ఈమధ్యే ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్ళు పుస్తకాన్ని కాస్త చూసి ఎంచుకోవాలి.

బహుమతులను నమ్ముకోవచ్చా?

వెనక అట్ట మీద బహుమతుల పేర్లు చూసి పుస్తకం కొనడం మనందరికీ అలవాటే. నోటెబోమ్ విషయంలో ఆ జాబితా ఒక్కటే చూస్తే దారి దొరకదు. ఒక్కో దేశం ఆయనలో ఒక్కో రచయితను చూసి గౌరవించింది. ఏ బహుమతి ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో తెలిస్తే మాత్రం అదే జాబితా మనకు బాగా పనికొస్తుంది.

ఇరవై దాటిన కొత్తలో, యూరప్ అంతా దారినపోయే బళ్ళు ఆపి ఎక్కుతూ తిరిగిన అనుభవంతో 'ఫిలిప్ అండ్ ది అదర్స్' అనే చిన్న నవల రాశాడు. దానికి 1957లో ఆన్ ఫ్రాంక్ బహుమతి వచ్చింది. అదే ఏడాది ఓడలో పనివాడిగా చేరి సురినామ్ దాకా వెళ్ళాడు. అంతకుముందే, 1956లో, సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లో దిగినప్పుడు అక్కడికి వెళ్ళి పత్రికకు రాశాడు. 1963లో ఇంకో నవల వచ్చింది. ఆ తర్వాత 17 ఏళ్ళు నవల అన్నదే లేదు. 1968లో పారిస్ వీధుల్లో విద్యార్థుల తిరుగుబాటు గురించి రాశాడు. బొలీవియా, మాలి, ఇరాన్, బ్రెజిల్ తిరిగాడు. కవితలు రాశాడు, పత్రికలకు యాత్రావ్యాసాలు పంపాడు. నెదర్లాండ్స్‌లో చాలామందికి ఆయన ప్రయాణాల గురించి రాసే పత్రికా రచయితగానే గుర్తుండిపోయాడు.

1980లో 'రిచువల్స్' రావడంతో ఆ లెక్క మారింది. మరుసటి ఏడాది స్వదేశంలో బోర్డెవైక్ బహుమతి, 1982లో అమెరికాలో పెగాసస్ బహుమతి వచ్చాయి. ఈ రెండోది ఇంగ్లీషులోకి అంతగా రాని భాషల పుస్తకాలను వెతికి, అనువాదం చేయించి అచ్చువేయించే బహుమతి. ఇంగ్లీషు చదివే మనలాంటివాళ్ళకు నోటెబోమ్ అందడం మొదలైంది దానివల్లే. ఇంగ్లీషు పాఠకులు ఇప్పటికీ 'రిచువల్స్'నే ముందు సిఫారసు చేయడానికి ఇది కూడా ఒక కారణమని నా నమ్మకం. వాళ్ళ చేతికి ముందు అందింది అదే మరి.

జర్మనీ కథ వేరు. నెదర్లాండ్స్‌లో ఏటా పుస్తక వారోత్సవం జరుగుతుంది. ఆ వారంలో పుస్తకాలు కొన్నవాళ్ళకు దుకాణం ఒక చిన్న పుస్తకం ఉచితంగా ఇస్తుంది. దాన్ని ఆ ఏడు ఎంపిక చేసిన రచయితతో ప్రత్యేకంగా రాయిస్తారు. 1991లో ఆ అవకాశం నోటెబోమ్‌కి వచ్చింది. అలా పుట్టినదే 'ది ఫాలోయింగ్ స్టోరీ'. అది వంద పేజీల చుట్టూనే ఉండటానికి కారణం కూడా ఈ ఏర్పాటే. సొంత దేశంలో దానికి దక్కిన స్పందన అంతంతమాత్రం. అదే ఏడాది జర్మన్ అనువాదం వచ్చినప్పుడు మార్సెల్ రైష్-రానిట్స్కీ అనే పెద్ద విమర్శకుడు టీవీ సాహిత్య చర్చలో దాన్ని ఆకాశానికెత్తాడు. జర్మన్ పాఠకులు విరగబడి కొన్నారు. 1993లో యూరోపియన్ సాహిత్య బహుమతి కూడా ఆ పుస్తకానికే వచ్చింది. 2003 నుంచి జర్మనీలో ఆయన సమగ్ర రచనలు సంపుటాలుగా రావడం మొదలైంది. బతికున్న ఒక పరాయి భాషా రచయితకు అలాంటి గౌరవం అరుదు.

యుద్ధం తర్వాతి డచ్ సాహిత్యంలో 'ముగ్గురు పెద్దలు' అని హెర్మాన్స్, మూలిష్, రేవెల పేర్లు చెప్పేవాళ్ళు. నోటెబోమ్ ఆ లెక్కలోకి రాలేదు. నెదర్లాండ్స్‌లో 1992లో హైగెన్స్ బహుమతి, 2004లో హూఫ్ట్ బహుమతి ఇచ్చారు. 2009లో నెదర్లాండ్స్, బెల్జియంలోని ఫ్లాండర్స్ కలిసి మూడేళ్ళకోసారి ఇచ్చే డచ్ సాహిత్య బహుమతి వచ్చింది. ఆ భాషలో అంతకు మించిన గౌరవం లేదు. ఈ మూడూ మొత్తం రచనలకు ఇచ్చినవే, ఫలానా పుస్తకం చదవమని చెప్పవు. 2020లో స్పెయిన్ నుంచి ఫోర్మెంతోర్ బహుమతి వచ్చింది. నోబెల్ ఊహాగానాల్లో కూడా ఏళ్ళ తరబడి ఆయన పేరు వినిపించింది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఒక పాఠకుడిగా మీరు ఎవరికి దగ్గరో చూసుకోవచ్చు. ఒక్క రాత్రిలో ముగిసి వారం రోజులు వెంటాడే కథ కావాలంటే జర్మన్ పాఠకుల మాట వినండి. మనుషుల బతుకుల్ని దశాబ్దాల మేర చూపే నవల కావాలంటే 1982 నాటి పెగాసస్ ఎంపిక మీకు సరిపోతుంది. నేల, రాయి, చరిత్ర కావాలంటే ఏ బహుమతితోనూ పనిలేదు, స్పెయిన్ పుస్తకం తెరవండి.

ఒక్క చూపులో

| పుస్తకం | డచ్‌లో వచ్చిన ఏడాది | రకం | నిడివి | కథ లాక్కెళ్తుందా? | ఎంత బరువు? |
|---|---|---|---|---|---|
| ది ఫాలోయింగ్ స్టోరీ | 1991 | చిన్న నవల | వంద పేజీల చుట్టూ | అవును, చివరి వాక్యం దాకా | విషయం మరణమే అయినా చేయి తేలిక |
| రిచువల్స్ | 1980 | నవల | 150 పేజీల చుట్టూ | అక్కడక్కడా | ఎక్కువ, ఆత్మహత్యల ప్రస్తావన ఉంది |
| రోడ్స్ టు శాంటియాగో | 1992 | యాత్ర | 350 పేజీల చుట్టూ | లేదు, లాగకూడదు కూడా | తేలిక, కానీ నెమ్మది |
| ఆల్ సోల్స్ డే | 1998 | పెద్ద నవల | 350 పేజీల చుట్టూ | తక్కువ | చాలా ఎక్కువ |
| నోమాడ్స్ హోటల్ | వివిధ కాలాల వ్యాసాలు | యాత్ర | 250 పేజీల లోపు | వ్యాసాన్ని బట్టి | తేలిక |
| లెటర్స్ టు పొసైడన్ | 2012 | లేఖలు, చిన్న ముక్కలు | 250 పేజీల లోపు | కథ లేదు | తేలిక, ఒంటరితనం ఉంది |

ముద్రణను బట్టి పేజీలు కాస్త అటూ ఇటూ ఉంటాయి.

ది ఫాలోయింగ్ స్టోరీ

హెర్మన్ ముసర్ట్ ఒకప్పుడు లాటిన్, గ్రీకు మాస్టారు. ఉద్యోగం పోయాక వేరే పేరుతో టూరిస్టు గైడ్లు రాసుకుంటూ బతుకుతుంటాడు. ఒక రాత్రి ఆమ్‌స్టర్‌డామ్‌లో తన మంచం మీద పడుకుంటాడు. తెల్లారి లేచేసరికి లిస్బన్‌లో ఒక హోటల్ గదిలో ఉంటాడు. ఆ గది కొత్తది కాదు. ఇరవయ్యేళ్ళ క్రితం ఇంకొకరి భార్యతో కలిసి ఆయన గడిపిన గది అది. నేను చనిపోయానా, లేక ఇంకేదైనా జరిగిందా అని ఆయన తాపీగా, దాదాపు పంతులు గారి పద్ధతిలోనే ఆలోచించడం మొదలుపెడతాడు.

ఇంతకుమించి కథ చెప్పను. ఒక్క చోటు మాత్రం చూపిస్తాను. పిల్లలు ఈ మాస్టారికి పెట్టిన పేరు సోక్రటీస్. ఒకరోజు ఆయన క్లాసులో ప్లేటో రాసిన సోక్రటీస్ ఆఖరి ఘడియల పాఠం చెప్తూ, చెప్తూ నటించేస్తాడు. విషం తాగే మనిషి ఆయనే. చుట్టూ కూర్చున్న శిష్యులు ఆ బడిపిల్లలే. అదే బడిలో జీవశాస్త్రం టీచరు పిల్లలకు ఒక సినిమా చూపిస్తుంది. చచ్చిన ఎలుక కింద పురుగులు మట్టి తవ్వుతూ, దాన్ని మెల్లగా ఉండలా చుట్టి పాతిపెట్టి, తమ పిల్లలకు తిండిగా చేసే సినిమా. ఒక తరగతి గదిలో ఆత్మకు చావు లేదన్న వాదన. ఇంకో గదిలో శరీరానికి ఏమవుతుందో చూపించే పురుగులు. ఈ రెండిటి మధ్య నోటెబోమ్ ఒక ప్రేమకథ నడుపుతాడు. వంద పేజీల్లో ఇంత ఇమడ్చడం ఎలా సాధ్యమైందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

రెండో భాగంలో ఒక ఓడ లిస్బన్ నుంచి అమెజాన్ వైపు వెళ్తుంది. ప్రయాణికులు ఒక్కొక్కరూ తమ కథ చెప్తారు. అక్కడ కాస్త వేగం తగ్గించి చదవాలి. మొదటి భాగంలో కంగారుగా పేజీలు తిప్పేసినవాళ్ళకి ఓడలో ఏం జరుగుతోందో అందదు. చివరి వాక్యం చదవగానే చాలామంది మళ్ళీ మొదటి పేజీకి వెళ్తారు. పుస్తకం చిన్నది కాబట్టి వెళ్ళగలరు కూడా.

లోపం లేదా అంటే ఉంది. ముసర్ట్‌కి తన తెలివి అంటే ఇష్టం. లాటిన్ కవుల పేర్లు ధారాళంగా వస్తాయి. ఇందులో స్త్రీలను మనం ఆయన కళ్ళతోనే చూస్తాం, వాళ్ళ లోపలికి తలుపు తెరుచుకోదు. ఈ మాట నోటెబోమ్ నవలల్లో చాలావాటికి వర్తిస్తుంది. అది మీకు అడ్డమనిపిస్తే యాత్రారచనల వైపు వెళ్ళడమే మంచిది.

రిచువల్స్

కథానాయకుడి పేరు ఇన్ని విన్‌ట్రాప్, డబ్బున్న సోమరి. ఆమ్‌స్టర్‌డామ్‌లో షేర్లు, బొమ్మలు కొంటూ అమ్ముతూ, పత్రికకు జాతకాలు రాస్తూ కాలం గడుపుతాడు. నవల 1963లో మొదలై, 1953కి వెనక్కి వెళ్ళి, 1973కి వస్తుంది. ఏ నమ్మకమూ లేని ఈ మనిషి బతుకులోకి నమ్మకాన్ని ప్రాణాంతకంగా పట్టుకున్న ఇద్దరు వస్తారు. ఒకడు ఆర్నల్డ్ టాడ్స్. అడవి అంచున కుక్కతో ఒంటరిగా ఉంటూ, గంట గంటకీ ఏం చేయాలో నిర్ణయించుకుని గడియారం చెప్పినట్టు బతుకుతాడు. రెండోవాడు ఆయన వదిలేసిన కొడుకు ఫిలిప్. ఒక ఖాళీ గదిలో జపాన్ పద్ధతి ధ్యానంలో ఉంటూ, టీ వేడుక కోసం 'రాకు' అనే రకం జపాన్ మట్టిగిన్నె ఒకటి సంపాదించడమే జీవితంగా పెట్టుకుంటాడు.

ఆ టీ వేడుక నోటెబోమ్ రాసిన గొప్ప ఘట్టాల్లో ఒకటి. నలుగురు మనుషులు, ఒక గిన్నె, నీళ్ళు మరిగే చప్పుడు. మాటలు దాదాపు ఉండవు. ఆ గిన్నె చేతులు మారుతున్నంతసేపూ మనకు ఊపిరి బిగపట్టినట్టుంటుంది. పూజ, వ్రతం, మడి లాంటి వాటి మధ్య పెరిగిన మన పాఠకులకు ఈ నవల కొన్నిచోట్ల యూరప్ పాఠకులకన్నా త్వరగా అందుతుంది. దేవుడి మీద నమ్మకం పోయాక కూడా పూజ చేసే చేతులు అలవాటుగా కదులుతూనే ఉంటాయి. ఆ ఖాళీ చేతుల గురించే ఈ నవల.

మరి దీన్ని రెండోసారికి ఎందుకు ఉంచమంటున్నాను? మొదటి వాక్యమే విన్‌ట్రాప్ ఆత్మహత్యాయత్నం గురించి. మొదటి భాగంలో విన్‌ట్రాప్ మీద అభిమానం కలగదు. భార్య జీటాతో అతను ఉండే తీరు చూస్తే కోపమే వస్తుంది. అసలు నవల టాడ్స్ రాకతో గానీ ఊపందుకోదు. నోటెబోమ్ మీద అప్పటికే నమ్మకం కుదిరినవాళ్ళు ఆ పేజీలు ఓపిగ్గా దాటుతారు. కొత్తవాళ్ళు అక్కడే ఆగిపోతారు.

ఈ సలహా ఎవరికి వర్తించదంటే, ఆమ్‌స్టర్‌డామ్ చుట్టుపక్కలో, ఐండ్‌హోవెన్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళకి. రోజూ తిరిగే కాలవగట్లు, వీధులు ఈ నవలలో ఉన్నాయి. ఆ పరిచయం మొదటి భాగాన్ని సులువుగా దాటిస్తుంది. అన్నట్టు, నోటెబోమ్ కొంతకాలం బడికి వెళ్ళింది ఐండ్‌హోవెన్‌లోనే.

రోడ్స్ టు శాంటియాగో

స్పెయిన్ వాయవ్య మూలన ఉన్న శాంటియాగో దె కాంపొస్తెలా క్యాథలిక్కులకు వెయ్యేళ్ళుగా పుణ్యక్షేత్రం. యూరప్ నలుమూలల నుంచి నడిచి వచ్చేవాళ్ళు. చర్చి లోపలి గుమ్మం దగ్గర ఒక పాలరాతి స్తంభం ఉంది. నెలల తరబడి నడిచి వచ్చిన యాత్రికులు చేరిన గుర్తుగా దాని మీద చేయి ఆనించేవాళ్ళు. శతాబ్దాల పాటు లక్షల చేతులు ఒకే చోట తాకడంతో రాయి అరిగి అరచేయి అచ్చు పడింది. నోటెబోమ్ పుస్తకాన్ని ఆ అచ్చుతో మొదలుపెడతాడు. ఏ ఒక్కరూ చెక్కని శిల్పం అది. దాని ముందు నిలబడితే, మనకు ముందు వచ్చి వెళ్ళిన వాళ్ళందరి భావావేశమూ మనలో కలుస్తుందని ఆయన నమ్మకం. నిరూపించలేనని తనే ఒప్పుకుంటాడు.

అక్కడి నుంచి 350 పేజీల పాటు శాంటియాగో తప్ప మిగతా స్పెయిన్ అంతా చూపిస్తాడు. అరగాన్ కొండల్లో మూతపడ్డ చిన్న చర్చిలు, సోరియా, లా మాంచా గాలిమరలు, సుర్బరాన్ గీసిన తెల్లబట్టల సన్యాసులు, వెలాస్కెస్ బొమ్మల్లో రాజుల ముఖాలు. చర్చి తాళం ఎవరి దగ్గరుందో అడుగుతూ పల్లెటూరి వీధుల్లో తిరిగే ఘట్టాలంటే నాకు ప్రాణం. ఏళ్ళ తరబడి వెళ్ళిన ప్రయాణాలు ఇందులో కలిశాయి. అందుకే ఒక అధ్యాయం చదివి నెల తర్వాత ఇంకొకటి తెరిచినా నష్టం లేదు.

మనకు ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర ఉంది. 1830లో మద్రాసు నుంచి బయల్దేరిన ఆయన ఏ ఊళ్ళో మజిలీకి వసతి ఉంది, ఏం సామాను దొరుకుతుంది, దారి ఎలా ఉంది అని వెనక వచ్చేవాడి కోసం రాసిపెట్టాడు. నోటెబోమ్ దగ్గర అలాంటి ఉపయోగం వెతక్కండి. ఈ పుస్తకం పట్టుకుని స్పెయిన్ వెళ్తే హోటల్ కూడా దొరకదు. అక్కడికి వెళ్ళే ముందు రోజు కన్నా, వచ్చాక ఏడాదికి చదివితే ఎక్కువ రుచిస్తుంది. ఎప్పటికీ వెళ్ళనివాళ్ళకి ఇంకా ఎక్కువ. ఆయన భార్య, ఫొటోగ్రాఫర్ సిమోనే సాసెన్ తీసిన ఫొటోలు కూడా ఉన్నాయి కాబట్టి వీలైతే కాగితం ప్రతే తీసుకోండి.

ఓపిక లేకపోతే మాత్రం ఇది మీకు కాదు. రాజవంశాల పేర్లు వరసగా వచ్చే పేజీలున్నాయి. వాటిని వదిలేసి ముందుకెళ్ళినా తప్పు లేదని నా అభిప్రాయం.

మిగతావి

'ఆల్ సోల్స్ డే' ఆయన నవలల్లో పెద్దది. ఆర్థర్ డానే డాక్యుమెంటరీలు తీసే కెమెరామన్. భార్యనీ కొడుకునీ విమాన ప్రమాదంలో పోగొట్టుకుని, మంచు కురిసే బెర్లిన్‌లో కెమెరా పట్టుకుని తిరుగుతుంటాడు. స్నేహితులతో భోజనాలు, చరిత్ర మీద వాదనలు, మధ్యయుగపు స్పెయిన్ రాణి ఉర్రాకా మీద పరిశోధన చేస్తున్న ఎలిక్ అనే అమ్మాయి. ఈ ఎలిక్ మాత్రం ఎవరి చూపుకీ లొంగదు, తన దారి తనది. దుఃఖం గురించి ఇంత నిజాయితీగా రాసిన పుస్తకాలు తక్కువ. అందుకే గాయం పచ్చిగా ఉన్నవాళ్ళు ఆగి చదవండి అంటాను.

'రోడ్స్ టు బెర్లిన్' విలేఖరి నోటెబోమ్‌ది. 1963లో సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ తూర్పు బెర్లిన్ వచ్చినప్పుడు మొదలై, 1989లో ఆయన ఆ నగరంలో ఉంటుండగానే గోడ కూలడం మీదుగా, తర్వాతి ఏళ్ళ జర్మనీ దాకా వస్తుంది. జర్మనీలో ఉంటున్న తెలుగువాళ్ళకీ, సివిల్స్ కోసం ప్రపంచ చరిత్ర చదివి విసిగిపోయినవాళ్ళకీ ఇది ఇస్తాను. పాఠ్యపుస్తకంలో ఒక తేదీగా చదివింది ఇక్కడ వీధిలో, జనంలో కనిపిస్తుంది.

'నోమాడ్స్ హోటల్'లో ఇస్ఫహాన్, మాలి, గాంబియా నది, వెనిస్, ఐర్లండ్ పక్కన అరాన్ దీవులు ఉన్నాయి. రోజుకో వ్యాసం చదువుకోవచ్చు. ఆఫ్రికా వ్యాసాల్లో ఆ కాలపు యూరప్ మనిషి చూపు ఉంది. వలస పాలన చవిచూసిన మనకు అక్కడక్కడా గుచ్చుకుంటుంది. దాన్ని దాచకుండా తన తికమకని కూడా రాసుకున్నాడు కాబట్టి నేను చదవగలిగాను.

'లెటర్స్ టు పొసైడన్' ఒక కాగితం న్యాప్‌కిన్‌తో పుట్టింది. మ్యూనిక్‌లో చేపల హోటల్లో కూర్చుంటే న్యాప్‌కిన్ మీద ఆ సముద్రదేవుడి పేరు కనిపించింది. దాంతో ఆయనకే ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. మెనోర్కా దీవిలో తన ఇంటి దగ్గరి సముద్రం, వార్తల్లో చూసినవి, చిన్న చిన్న గమనింపులు. పొద్దున మెట్రోలో రెండు పేజీలు చదివే అలవాటున్నవాళ్ళకి ఇదే సరైనది. 'లాస్ట్ పారడైజ్' చూడచక్కని చిన్న నవలే గానీ, బ్రెజిల్, ఆస్ట్రేలియా, ఆస్ట్రియాల మధ్య కట్టిన వంతెన కొంచెం బలహీనంగా ఉందనిపించింది. అది ఆఖర్న చదవండి.

కవిత్వంతో మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి మన దేశంలోనే దారి ఉంది. కోల్‌కతా సీగల్ బుక్స్ 'లైట్ ఎవ్రీవేర్' పేరుతో ఎంపిక చేసిన కవితలనూ, మాక్స్ నోయ్‌మన్ బొమ్మలతో 'సెల్ఫ్ పోర్ట్రెయిట్ ఆఫ్ యాన్ అదర్' అనే గద్యకవితలనూ వేసింది. రెండిటికీ ఇంగ్లీషు అనువాదం డేవిడ్ కోల్మర్‌ది. నోటెబోమ్ తనను ముందుగా కవిగానే అనుకున్న మనిషి కాబట్టి ఇది అడ్డదారి కాదు. నవలల్లో విప్పి చెప్పినది ఇక్కడ ముడిలా ఉంటుంది, అంతే.

అనువాదాల గురించి ఒక మాట

'ది ఫాలోయింగ్ స్టోరీ', 'రోడ్స్ టు శాంటియాగో' రెండూ ఐనా రిల్కే ఇంగ్లీషు చేశారు. వాక్యం ఎంత పొడుగున్నా ఊపిరి అందుతుంది. మొదటి పుస్తకంగా ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోమనడానికి ఇదీ ఒక కారణమే. 'రిచువల్స్' ఏడ్రియన్ డిక్సన్ అనువాదం. కాస్త బిగువుగా ఉంటుంది, ఆ నవలకు ఆ బిగువు నప్పింది. 'ఆల్ సోల్స్ డే' సుసాన్ మాసొటీ, ఈమధ్య కాలపు పుస్తకాలు ఎక్కువగా లారా వాట్కిన్సన్ చేశారు.

మొదటిది నచ్చాక

'ది ఫాలోయింగ్ స్టోరీ' పూర్తిచేసి ఇంకా కావాలనిపిస్తే 'రిచువల్స్'కి వెళ్ళండి. అప్పటికి ఇన్ని విన్‌ట్రాప్ లాంటి మనిషిని భరించే ఓపిక వస్తుంది. స్పెయిన్ పుస్తకంతో మొదలుపెట్టినవాళ్ళు 'రోడ్స్ టు బెర్లిన్'లో 1989 భాగం చదివి, ఆపైన 'ఆల్ సోల్స్ డే' తియ్యండి. ఆ నవలలోని వీధులూ, చరిత్ర మీద వాదనలూ ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలిశాక 350 పేజీలు బరువనిపించవు. పైగా ఉర్రాకా రాణి ఏలిన నేలని మీరు అప్పటికే శాంటియాగో దారిలో చూసి ఉంటారు. నలుగురు కలిసి చదువుకునే బృందమైతే 'ది ఫాలోయింగ్ స్టోరీ' ఒక్కటీ పెట్టుకోండి, అందరూ పూర్తిచేసి వస్తారు. లిస్బన్ గదిలో లేచిన ముసర్ట్ బతికున్నాడా లేదా అని అడిగితే చాలు, ఆ సాయంత్రానికి వేరే ప్రశ్న అక్కర్లేదు.